పాత కారుకు కొత్త రేకు

కారు మోడల్ ఆగిపోగానే దాని స్పేర్ పార్టులు మాయమైపోవు. కంపెనీ కొన్నేళ్లు సరఫరా చేస్తుంది. ఆ తర్వాత డీలర్ల గోడౌన్లలో మిగిలిన సరుకు, అదీ అయిపోతే తుక్కు దుకాణాలు. తుక్కులో దొరికే రేకు కూడా తుప్పు పట్టిందే అయినప్పుడు కొత్తగా చేయించక తప్పదు. పాత కార్లకు కొత్త భాగాలు చేసే వ్యాపారం అలా పుట్టింది. ఫోర్డ్ మోడల్ టీ 1908-1927 మధ్య కోటిన్నర దాకా తయారైంది కనుక దానికి గిరాకీ తగ్గలేదు, భాగాలు నేటికీ కొత్తవి దొరుకుతున్నాయి. తక్కువగా అమ్ముడైన కార్లకు ఆ అదృష్టం లేదు.

చిక్కంతా డైల దగ్గరే. బాడీ రేకు ఒక్కటి రావాలన్నా ప్రెస్సులో బిగించే భారీ ఉక్కు డైలు కావాలి. ఆ ఖర్చు లక్షల కార్ల మీద పడితే తెలియదు, వందల మీద పడితే గిట్టదు. మోడల్ ఆగాక చోటు కోసం డైలను తుక్కు కింద అమ్మేయడం పరిశ్రమలో మామూలే.

బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ 1962లో వచ్చింది. 1980లో ఆగేసరికి అయిదు లక్షలు దాటింది. దీనికి విడిగా ఛాసిస్ లేదు, బరువంతా బాడీదే. తలుపుల కింద సాగే సిల్లు మూడు పొరల రేకు. లోపల చేరిన తడి బయటికి కనబడకుండానే దాన్ని తినేస్తుంది. బయటి పొర కొసలు మడ్‌గార్డుల వెనక్కి చొచ్చుకుపోయి ఉంటాయి, మార్చాలంటే వాటి అంచులు కోయాలి. బాడీకి ఆసరా బిగించకుండా కోస్తే కారు మధ్యకు కుంగుతుంది, ఇక తలుపులు సరిగా పడవు.

బ్రిటిష్ లేలాండ్ 1975లో నెలకొల్పిన బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ ఈ కారు పాత డైలను వెతికి పట్టుకుని, 1988లో పూర్తి బాడీనే మళ్లీ అమ్మకానికి పెట్టింది. ఈ రంగంలో దీన్ని మించిన పని అరుదు. ఆ బాడీ ఆధారంగానే రోవర్ 1992లో ఎంజీ ఆర్‌వీ8 అనే కొత్త కారును తెచ్చింది.

డై దొరకనప్పుడు పాత భాగాన్ని నమూనాగా పెట్టుకుని నకలు తీస్తారు. నమూనా కాస్త వంగి ఉంటే ఆ వంకరే ప్రతి నకలుకూ దిగుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాకే టింకరింగ్ మేస్త్రీకి రోజుల పని పడుతుంది. రబ్బరు సంగతి వేరు. ఆకారం కుదిరినా మిశ్రమం కుదరకపోతే త్వరగా పగుళ్లిస్తుంది. అలాగని పాత మిశ్రమాన్నే వాడితే, ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుకు గొట్టాలు తట్టుకోకపోవచ్చు.

292 మాత్రమే తయారైన పోర్షే 959 లాంటి కార్లకు డై ఖర్చు ఊహకందనిది. ఆ కారు క్లచ్ లివర్‌ను పోర్షే 2018 నాటికి త్రీడీ ప్రింటింగ్‌తో లోహపు పొడి నుంచి తీసింది. చిన్న భాగాలకు ఈ పద్ధతి బాగుంది. తలుపంత రేకుకు మాత్రం ఇంకా డైకి సాటి లేదు. అందుకే కొనేవారు ధర కంటే ముందు, అది పాత డై మీద కొట్టిందా, నమూనా చూసి చేసిందా అని అడగాలి.