1866 తేయాకు పందెం: క్లిప్పర్ నౌకల క్షీణతకు తొలి సాక్ష్యం

సూయజ్ కాలువ ప్రారంభంతోనే క్లిప్పర్ నౌకల శకం ముగిసిందనే అభిప్రాయం చరిత్ర రచనలో బలంగా స్థిరపడింది. అయితే 1869లో కాలువ తెరుచుకోవడానికి మూడేళ్ళ ముందే ఆ నౌకల ఆర్థిక పునాది కదలనారంభించింది. వాటి కీర్తికి పరాకాష్ఠగా చెప్పే 1866 నాటి తేయాకు పందెంలోనే ఈ విషయం స్పష్టమవుతుంది.

సన్నని ముక్కు, ఇరుకైన పొట్ట, విస్తారమైన తెరచాపలు గల క్లిప్పర్ నిర్మాణమంతా వేగం కోసమే. సరుకుకు చోటు తగ్గినా, ఆ లోటును అధిక కిరాయి పూడ్చేది. ఆ ఏటి కొత్త తేయాకుతో లండన్ రేవుకు మొదట చేరిన ఓడకు టన్నుకు 10 షిల్లింగులు అదనం.

1866 మే 30న చైనాలోని ఫూచౌ నుండి ఏరియల్, టైపింగ్, సెరికా అనే మూడు ఓడలు ఒకే పోటుతో సముద్రంలోకి వెళ్ళాయి. మూడూ స్కాట్లాండులోని గ్రీనాక్‌లో రాబర్ట్ స్టీల్ సంస్థ కట్టినవే. గుడ్ హోప్ అగ్రాన్ని చుట్టి, 99 రోజుల తరువాత, సెప్టెంబరు 6న మూడూ ఒకే రోజు లండన్ చేరాయి. ఇంగ్లండు తీరాన డీల్ వద్ద ముందున్నది ఏరియలే. కాని రేవులోకి 28 నిమిషాల ముందుగా ప్రవేశించినది టైపింగ్. తక్కువ లోతు నీటిలో నడవగలగడం దానికి కలిసివచ్చింది. చివరకు ఆ రెండు ఓడలూ బహుమానాన్ని పంచుకున్నాయి.

వర్తకుల లెక్క వేరు. తేయాకంతా ఒక్కసారిగా బజారులో పడి ధర తగ్గింది. తొలి ఓడకు అదనపు కిరాయి ఇచ్చే పద్ధతి ఆ ఏటితోనే ఆగిపోయింది. అంతకన్నా గమనార్హమైనది ఎర్ల్ కింగ్ అనే ఆవిరి ఓడ ప్రయాణం. తెరచాపలు కూడా ఉన్న ఆ ఓడ జూన్ 5న ఫూచౌ విడిచి, క్లిప్పర్లకన్నా సుమారు 15 రోజుల ముందే లండన్ చేరింది. పందెం కథలలో దాని పేరు అరుదుగా వినిపించడం విచిత్రమే. అదే ఏడాది ఆల్‌ఫ్రెడ్ హోల్ట్ తన అగమెమ్నాన్ ఓడను చైనాకు నడిపాడు. తక్కువ బొగ్గుతో పనిచేసే కాంపౌండ్ ఇంజన్ వల్ల కేప్ మార్గంలో సైతం ఆవిరి లాభసాటి అయింది.

ఈ క్రమాన్ని కాలువ వేగవంతం చేసింది. ఎర్రసముద్రపు ఎదురుగాలుల వల్ల ఆ దగ్గరి దారి తెరచాప ఓడలకు అక్కరకు రాలేదు. 1869 నవంబరు 17న కాలువ ప్రారంభం కాగా, ఐదు రోజులకే కటీ సార్క్ జలప్రవేశం చేసింది. తేయాకు కోసమే కట్టిన ఆ ఓడకు 1877 తరువాత తేయాకే దొరకలేదు. 1883 నుండి అది ఆస్ట్రేలియా ఉన్నిని మోసింది. బలమైన పడమటి గాలులు వీచే ఆ సుదీర్ఘ మార్గంలో బొగ్గు ఖర్చు లేని తెరచాపకు ఇంకా విలువ ఉండేది. 1885లో సిడ్నీ నుండి బయలుదేరి 73 రోజులలో ఇంగ్లండు చేరిన కటీ సార్క్, పదేళ్ళకు పోర్చుగీసు సంస్థకు అమ్ముడుపోయింది.