ఒకే బొమ్మని కోటిమంది అడిగితే

వెబ్ పేజీలో ఎవరు చూసినా మారని ముక్కలు కొన్ని ఉంటాయి: బొమ్మలు, ఫాంట్లు, రంగులూ కొలతలూ చెప్పే ఫైళ్ళు. మా వృత్తిలో వీటిని స్టాటిక్ ఫైల్స్ అంటాం. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో వీటి గురించి ఆలోచించాల్సిందేముందో నాకు అర్థమయ్యేది కాదు. డిస్కు మీద ఉన్నది తీసి ఇవ్వడమేగా! ఒకరు అడిగితే అంతే. ఒకే గంటలో కోటిమంది అడిగితేనే కథ మారుతుంది.

ఈ చిక్కుని టిమ్ బెర్నర్స్-లీ 1990ల మధ్యలోనే ఊహించి, ఎం.ఐ.టి.లో తోటివాళ్ళ ముందు పెట్టాడు. దాన్ని అందుకున్నది గణితాచార్యుడు టామ్ లేటన్. ఆయన దగ్గర చదువుకోడానికి డానీ లూయిన్ వచ్చాడు. డెన్వర్‌లో పుట్టి, పద్నాలుగేళ్ళప్పుడు ఇజ్రాయెల్ వెళ్ళి, అక్కడి సైన్యంలో పనిచేసి వచ్చిన కుర్రాడు.

ఒకే ఫైలుకి నకళ్ళు తీసి పది సర్వర్లలో పెట్టొచ్చని ఎవరైనా చెప్తారు. ఏ ఫైలు ఏ సర్వర్లో ఉందో తెలిసేదెలా? పాత పద్ధతి ఇది: ఫైలు పేరుని ఒక అంకెగా మార్చి, దాన్ని పదితో భాగించాలి. వచ్చిన శేషమే సర్వర్ నంబరు. బానే ఉంది. కానీ రద్దీ పెరిగి పదకొండో సర్వర్ పెట్టామనుకోండి, ఇప్పుడు పదకొండుతో భాగించాలి. పదకొండింట పది వంతుల ఫైళ్ళ చిరునామాలు మారిపోతాయి. దాచుకున్న నకళ్ళు ఉన్నా లేనట్టే. అందరూ మళ్ళీ అసలు సర్వర్ మీదే పడతారు, అదీ సరిగ్గా రద్దీ వేళలో.

1997లో లూయిన్, లేటన్, డేవిడ్ కార్గర్, రీనా పాణిగ్రాహి, మరో ఇద్దరు కలిసి రాసిన పత్రం దీనికి ఒక దారి చూపించింది. దాని పేరు కన్సిస్టెంట్ హాషింగ్. ఫైళ్ళనీ సర్వర్లనీ గడియారం ముఖం లాంటి ఒకే వలయం మీద పరవాలి. ఫైలు దగ్గర్నుంచి ముల్లు తిరిగే వైపు నడిస్తే మొదట ఎదురయ్యే సర్వరే దాని ఇల్లు. కొత్త సర్వర్ వస్తే తన పక్కవాడి వాటాలో కొంత తీసుకుంటుంది, మిగతావాళ్ళకి కదలిక ఉండదు. చిరునామా మారేది సగటున పదకొండింట ఒక వంతుకే. ఇందులో భయపెట్టే గణితమేం లేదు. నాకు నచ్చేదీ అదే.

ఈ ఆలోచన మీదే 1998లో అకమాయ్ అనే కంపెనీ పుట్టింది. హవాయి భాషలో ఆ మాటకి తెలివైన అని అర్థం.

2001 సెప్టెంబర్ 11 ఉదయం లూయిన్ బోస్టన్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్ళే విమానం ఎక్కాడు. న్యూయార్క్‌లో మొదటి టవర్‌ని గుద్దించింది ఆ విమానాన్నే. అతనికి 31 ఏళ్ళు. ప్రపంచమంతా వార్తల సైట్ల మీద విరుచుకుపడింది. సి.ఎన్.ఎన్. వాళ్ళు మొదటి పేజీలోంచి బొమ్మలు పీకేసి, నాలుగు ముక్కల అక్షరాలతో నడిపారు. ఆ బరువు మోసినవాటిలో అకమాయ్ సర్వర్లున్నాయి. తమ మనిషి ఆ విమానంలో ఉన్నాడని తెలిశాక కూడా కేంబ్రిడ్జిలో అతని సహోద్యోగులు పని ఆపలేదు. దీన్ని వీరగాథలా చెప్పేవాళ్ళుంటారు. నాకలా చెప్పబుద్ధి కాదు. ఏ చిక్కు కోసం అతను లెక్కలు కట్టాడో ఆ చిక్కు అంత పెద్దదిగా వచ్చిన రోజున అతను లేడు, అంతే.

ఆ తర్వాత ఇలాంటి కంపెనీలు మరికొన్ని వచ్చాయి. ఒక్క సైటు మీద పడే బరువు పంచడం కుదిరింది గానీ, ఎన్నో సైట్లు ఒకే కంపెనీ మీద ఆనుకున్నాయి. 2021 జూన్ 8న ఫాస్ట్‌లీ అనే కంపెనీలో, ఒక కస్టమర్ తన సెట్టింగు మార్చుకోగానే అంతకుముందు నెలనుంచీ దాగున్న తప్పొకటి బయటపడింది. వాళ్ళ నెట్‌వర్క్‌లో 85 శాతం మొరాయించింది. గార్డియన్, న్యూయార్క్ టైమ్స్, బ్రిటన్ ప్రభుత్వ సైటు అన్నీ ఒకేసారి పడిపోయాయి. చాలావరకు 49 నిమిషాల్లో సర్దుకుందనుకోండి. ఈలోగా ద వెర్జ్ అనే పత్రిక గూగుల్ డాక్‌లో వార్తలు రాయడం మొదలెట్టింది. ఇతరులు దిద్దకుండా తాళం వెయ్యడం మర్చిపోయారు, పాఠకులొచ్చి అందులో తలా ఒక మాట రాసి వెళ్ళారు.