కణత్వచం గుండా బలహీన ఆమ్లాల ప్రయాణం

జీవకణాన్ని చుట్టి ఉండే కణత్వచం రెండు వరుసల కొవ్వు అణువులతో, వాటిలో పొదిగిన ప్రోటీన్లతో ఏర్పడిన పలుచని పొర. దాని మందం 4-5 నానోమీటర్లు మాత్రమే. కొవ్వు అణువుల తలలు నీటివైపు, తోకలు లోపలివైపు తిరిగి ఉంటాయి కాబట్టి పొర నడిభాగం నూనెలా ఉంటుంది. సోడియం, పొటాషియం వంటి అయాన్లు తమను అంటిపెట్టుకున్న నీటిని వదిలి ఆ నూనెలోకి దిగాలంటే చాలా శక్తి కావాలి. బలహీన ఆమ్లాలకు రెండు రూపాలున్నాయి. ప్రోటాన్ తమతో ఉన్నప్పుడు వాటికి ఆవేశం ఉండదు, అప్పుడు పొరను దాటగలవు. ప్రోటాన్‌ను వదిలాక రుణావేశం వస్తుంది, ఇక దాటడం చాలా కష్టం. ఈ చిన్న తేడా విలువ పూర్తిగా తెలియడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది.

తొలి పరిశీలనలు

1890లలో జ్యూరిక్‌లో పనిచేసిన చార్లెస్ ఎర్నెస్ట్ ఓవర్టన్ వందల పదార్థాలను మొక్కల కణాల మీద, తోకకప్పల మీద ఓపికగా పరీక్షించాడు. చిక్కటి చక్కెర ద్రావణంలో ఉంచితే మొక్క కణంలోని జీవపదార్థం నీరు కోల్పోయి ముడుచుకుపోయింది. ఆల్కహాల్ ద్రావణంలో అలా జరగలేదు, ఎందుకంటే ఆల్కహాల్ వెంటనే లోపలికి చేరిపోయింది. నూనెలో బాగా కరిగేవే కణంలోకి త్వరగా వెళతాయని ఓవర్టన్ గ్రహించాడు. కణం చుట్టూ కొవ్వు స్వభావం గల పొర ఉండాలని ప్రతిపాదించాడు.

1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల కొవ్వును అసిటోన్‌తో తీసి నీటిపై పరిచారు. అది ఆక్రమించిన వైశాల్యం ఆ కణాల ఉపరితలానికి దాదాపు రెట్టింపు వచ్చింది. పొరలో రెండు వరుసలున్నాయన్న ఊహకు అది పునాది.

పూల రంగు చెప్పిన సంగతి

1920ల తొలినాళ్లలో అమెరికా శాస్త్రవేత్త మెర్కెల్ జేకబ్స్ ఆమ్లత్వాన్ని బట్టి రంగు మారే సహజ వర్ణకం ఉన్న పూలను వాడి అందమైన ప్రయోగాలు చేశాడు. కార్బన్ డయాక్సైడ్ కలిసిన బైకార్బొనేట్ ద్రావణం ఆమ్లం కాకపోయినా కణాల లోపలి రంగు ఆమ్లత్వాన్ని చూపింది. అమ్మోనియం లవణంతో ఫలితం తారుమారై, లోపల క్షారత్వం పెరిగింది. ఆవేశం లేని కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా లోపలికి పోతున్నాయి, వాటి అయాన్లు బయటే ఆగుతున్నాయి.

1957లో షోర్, బ్రోడీ, హాగ్‌బెన్ ఇదే సూత్రాన్ని మందులకు వర్తింపజేశారు. కుక్కల రక్తంలోకి ఎక్కించిన బలహీన క్షారాలు వాటి జఠరరసంలో పోగుపడ్డాయి. అక్కడి ఆమ్లత్వంలో ఆవేశం పొందాక తిరిగి రక్తంలోకి రాలేకపోయాయి. ఆస్పిరిన్ ఇందుకు వ్యతిరేకం. దాని పీకేఏ, అంటే సగం అణువులు ప్రోటాన్‌ను వదిలి ఉండే పీహెచ్, సుమారు 3.5. పీహెచ్ 1.5 ఉన్న జీర్ణాశయంలో 99 శాతం ఆవేశం లేకుండా ఉంటుంది, పీహెచ్ 7.4 ఉన్న రక్తంలో సుమారు 8,000 అణువులకు ఒక్కటే అలా మిగులుతుంది. అయినా చిన్నపేగు వైశాల్యం చాలా ఎక్కువ కావడంతో ఆస్పిరిన్‌లో అధికభాగం అక్కడే శోషణమవుతుంది.

ఆవేశంతోనే దాటే ఆమ్లం

2,4-డైనైట్రోఫినాల్ చరిత్ర విషాదకరం. 1933లో అమెరికాలో బరువు తగ్గించే మందుగా ప్రచారంలోకి వచ్చిన ఈ బలహీన ఆమ్లం ఒంట్లో వేడిని ప్రమాదకరంగా పెంచి ప్రాణాలు తీసింది, పలువురికి కంటి శుక్లాలు తెచ్చింది. 1938 నాటి ఆహార, ఔషధ చట్టం తర్వాత దాన్ని మందుగా అమ్మడం ఆగింది. కారణం మాత్రం 1961లో పీటర్ మిచెల్ తన సిద్ధాంతాన్ని ప్రకటించాకే స్పష్టపడింది. మైటోకాండ్రియా లోపొరకు అటూ ఇటూ ఉండే ప్రోటాన్ల తేడాయే కణానికి శక్తినందించే ఏటీపీ అణువు తయారీకి ఆధారమని ఆయన చెప్పాడు. డైనైట్రోఫినాల్ రుణావేశం అణువంతటా పరుచుకుని ఉంటుంది కనుక అది అయాన్‌గా కూడా కొవ్వు పొరను దాటగలదు. పడవలా అటూ ఇటూ తిరుగుతూ ప్రోటాన్లను చేరవేయడంతో, ఏటీపీగా మారాల్సిన శక్తి వేడిగా వృథా అవుతుంది. మిచెల్‌కు 1978లో నోబెల్ బహుమతి లభించింది.

వైద్యంలో, వంటింట్లో

ఆస్పిరిన్ మోతాదు మించి విషమైనప్పుడు వైద్యులు సోడియం బైకార్బొనేట్ ఎక్కించి మూత్రాన్ని క్షారంగా మారుస్తారు. ఆస్పిరిన్ నుంచి ఒంట్లో ఏర్పడిన సాలిసిలిక్ ఆమ్లం అక్కడ సాలిసిలేట్ అయాన్‌గా మారి మూత్రపిండ కణాలను దాటి వెనక్కి రాలేక బయటికి పోతుంది. సీసాల్లో అమ్మే పచ్చళ్లలో కలిపే సోడియం బెంజోయేట్ కూడా ఇదే సూత్రంతో పనిచేస్తుంది. పులుపులో అది బెంజోయిక్ ఆమ్లంగా మారి సూక్ష్మజీవి పొరను దాటుతుంది, తటస్థమైన లోపలి వాతావరణంలో ప్రోటాన్‌ను వదిలి దాని పెరుగుదలను అడ్డుకుంటుంది. ఈ ఆమ్లం పీకేఏ 4.2 కాబట్టి, పులుపు తక్కువైన ఆహారంలో బెంజోయేట్ ప్రభావం బాగా తగ్గిపోతుంది.