వకాల్తా మార్పు

నడుస్తున్న కేసులో కక్షిదారు తన న్యాయవాదిని తొలగించి వేరొకరిని నియమించుకొనుటను వకాల్తా మార్పు అంటారు. వకాల్తా (వకాల్తానామా) అనగా తన తరఫున హాజరై వాదించుటకు కక్షిదారు న్యాయవాదికి వ్రాసి ఇచ్చే అధికార పత్రము. భారతదేశంలో రోడ్డు ప్రమాద బాధితులు మోటారు వాహనాల చట్టము (1988) 166వ సెక్షను క్రింద ట్రిబ్యునలులో వేసే పరిహార కేసులలో దీనికి ప్రత్యేక ప్రాముఖ్యము కలదు. ఆసుపత్రి బిల్లులు, గాయాల సర్టిఫికెట్టు, వైకల్య ధృవపత్రము వంటి అసలు కాగితాలు చాలావరకు న్యాయవాది చేతిలోనే ఉండటం ఇందుకు కారణం.

చట్టము

సివిల్ ప్రొసీజరు కోడు (1908) 3వ ఆర్డరు 4వ రూలు ప్రకారం, దాఖలైన వకాల్తా కోర్టు అనుమతితో వ్రాతపూర్వకంగా రద్దయ్యేవరకు, లేదా కక్షిదారు గాని న్యాయవాది గాని మరణించేవరకు, లేదా కేసు పూర్తిగా ముగిసేవరకు అమలులో ఉన్నట్లే లెక్క. కనుక ఫోనులో "ఇక మీరు వద్దు" అని చెప్పినంత మాత్రాన రికార్డులో పాత న్యాయవాది పేరు పోదు.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలలో 39వది కొత్త న్యాయవాదికి వర్తిస్తుంది. ఇదివరకే వేరొకరి వకాల్తా ఉన్న కేసులో ఆయన సమ్మతి లేకుండా హాజరు కారాదు. సాధారణంగా పాత న్యాయవాది కొత్త వకాల్తా మీదనే "అభ్యంతరం లేదు" అని వ్రాసి సంతకం చేస్తారు. అందుకు నిరాకరిస్తే, కారణం తెలుపుతూ దరఖాస్తు పెట్టి కోర్టు అనుమతి పొందవచ్చు. అనగా ఈ సమ్మతి వృత్తి మర్యాదయే గాని, కక్షిదారును ఆపగల అధికారం కాదు.

ఫీజు, ఫైళ్ళు

వివాదమంతా సాధారణంగా ఇక్కడే వస్తుంది. ఆర్.డి. సక్సేనా వర్సెస్ బలరాం ప్రసాద్ శర్మ కేసులో (2000) ఒక సహకార బ్యాంకు తన న్యాయవాదిని తొలగించగా, ఆయన 97,100 రూపాయల ఫీజు బకాయి ఉందని ఫైళ్ళు తిరిగి ఇవ్వలేదు. ఫీజు బాకీకై ఫైళ్ళను అట్టిపెట్టుకునే హక్కు న్యాయవాదికి లేదని, అలా చేయుట వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇంగ్లండులో సొలిసిటర్లకు ఇట్టి హక్కు కలదు. భారతీయ న్యాయవాది మాత్రం బాకీ కొరకు విడిగా దావా వేసుకోవలసిందే.

వచ్చే పరిహారంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకొనుటను 20వ నియమం నిషేధిస్తుంది. కనుక అటువంటి ఒప్పందం చూపి కక్షిదారును కట్టివేయుట చెల్లదు.

ఆచరణ

మార్పు వలన కేసు మొదటికి రాదు, ఆగిన చోటి నుండే సాగుతుంది. ఈ సంధికాలంలో వాయిదాకు ఎవరూ హాజరు కాకపోతే గైర్హాజరు క్రింద కేసు కొట్టివేయబడే ప్రమాదమున్నది. అందుచేత కేసు నంబరు, తదుపరి వాయిదా తేదీ ముందుగానే తెలుసుకొనవలెను. కోర్టులో దాఖలైన పత్రాలకు ధృవీకృత నకళ్ళు పొందవచ్చును. కేసు ఇంకా వేయకముందే న్యాయవాదిని మార్చేవారికి వేరొక చిక్కు ఉన్నది. 2022 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలలలోగా దరఖాస్తు వేయాలి, న్యాయవాదిని మార్చినందున ఈ గడువు పెరగదు.

కొత్త న్యాయవాదికి ఫీజు ఇచ్చుకోలేని స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టము (1987) 12వ సెక్షను క్రింద జిల్లా సంస్థకు దరఖాస్తు చేసుకొనవచ్చును.