టైర్ తళతళలాడితే సరిపోదు.. పాలిష్ కొనే ముందు సీసా వెనక ఏముందో చూడండి!

పటాన్‌చెరు: కారు కడిగించాక బాడీ ఎంత మెరిసినా టైర్లు మట్టి రంగులో ఉంటే ఏదో వెలితిగానే ఉంటుంది. అందుకే చాలామంది వాషింగ్ సెంటర్‌లో చివర్లో టైర్ పాలిష్ కొట్టిస్తారు. రీల్స్‌లో చూసి ఆన్‌లైన్‌లో సీసా తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. కానీ ముత్తంగి, ఇస్నాపూర్, పాశమైలారం, సంగారెడ్డి రూట్‌లో రోజూ లారీల మధ్య తిరిగే కారుకు ఆ మెరుపు ఎన్నాళ్లుంటుంది? జిడ్డు పాలిష్ అయితే రెండు రోజుల్లోనే దుమ్ము అంటుకుని టైర్ మళ్లీ మొదటికొస్తుంది. అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. ఆ నలుపు కింద పగుళ్లు, ఉబ్బులు కనిపించకుండా పోతాయి. మరి ఏది కొనాలి? ఏది వద్దు?

టైర్ గోధుమ రంగులోకి ఎందుకు మారుతుంది?

అదంతా మట్టే అనుకుంటే పొరపాటు. గాలిలో ఉండే ఓజోన్ రబ్బరును పగలగొడుతుంది. దాన్ని అడ్డుకోవడానికి టైర్ తయారీలోనే 6పీపీడీ లాంటి రసాయనాలు, మైనం కలుపుతారు. టైర్ తిరుగుతూ వంగుతున్నప్పుడు ఇవి కొద్దికొద్దిగా పైకి వచ్చి సైడ్‌వాల్ మీద పొరలా ఏర్పడతాయి. ఆ పొర గాలి తగిలి గోధుమ రంగులోకి మారుతుంది. దీన్నే బ్లూమింగ్ అంటారు. అంటే ఆ రంగు చాలావరకు టైర్ తనను తాను కాపాడుకుంటున్న గుర్తే. ఇక నలుపు రంగు కార్బన్ బ్లాక్‌ది. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రబ్బరును కాపాడేది కూడా అదే.

ఇదే జిల్లా సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ ఉంది. అక్కడి టైరైనా, ఇంకెక్కడి టైరైనా రక్షణ రబ్బరు లోపలే ఉంటుంది. పైన రాసే పాలిష్ ప్రధానంగా అందం కోసమే.

ముందు క్లీనర్.. తర్వాతే పాలిష్

మురికి మీద పాలిష్ రాస్తే అది రబ్బరుకు పట్టదు. మచ్చలు మచ్చలుగా కనిపించి, నీళ్లు తగలగానే పోతుంది. అందుకే మొదట కొనాల్సింది క్లీనర్. టైర్ క్లీనర్ గానీ, ఆల్ పర్పస్ క్లీనర్ గానీ సరిపోతుంది. సాధారణంగా 1:4 నుంచి 1:10 దాకా నీళ్లు కలుపుతారు. కచ్చితంగా ఎంత అన్నది లేబుల్ చూసి పాటించాలి. గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దితే గోధుమ రంగు నురగ వస్తుంది. నురగ తెల్లగా వచ్చేదాకా ఒకటి రెండు సార్లు చేస్తే చాలు.

వైర్ బ్రష్ వాడొద్దు. రబ్బరు మీద గీతలు పడతాయి. యాసిడ్ ఉన్న రిమ్ క్లీనర్లు టైర్ మీద పోయొద్దు. డీజిల్, పెట్రోల్, కిరోసిన్‌తో తుడవడం అసలే వద్దు. వీటికి రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. రక్షణగా ఉన్న మైనం పొర కూడా కొట్టుకుపోతుంది. ఆ క్షణంలో నల్లగా కనిపించినా తర్వాత నష్టం టైర్‌కే.

మార్కెట్లో దొరికేవి ఇవీ..

వాటర్ బేస్డ్: ఎక్కువగా పాలలా తెల్లగా ఉంటుంది. ఆరాక కొత్త టైర్ లాంటి నలుపు వస్తుంది, జిడ్డు తక్కువ. దుమ్ము తక్కువగా అంటుకుంటుంది. కాకపోతే గట్టి వానలకు త్వరగా పోతుంది.

సాల్వెంట్ బేస్డ్: సాధారణంగా పారదర్శకంగా, నూనెలా ఉంటుంది. మెరుపు బాగా కొడుతుంది, నీళ్లకు తట్టుకుంటుంది. కానీ ఇందులో పెట్రోలియం ద్రావకాలు ఉంటాయి. పదేపదే వాడితే రబ్బరుకు మంచిది కాదు. దుమ్ము కూడా బాగా పడుతుంది.

జెల్: చిక్కగా ఉంటుంది కాబట్టి స్పాంజ్‌తో కావాల్సిన చోటే రాయొచ్చు. వృథా తక్కువ. అయితే జెల్‌లోనూ రెండు రకాలూ ఉంటాయి. లేబుల్ చూడాల్సిందే.

ఏరోసాల్ స్ప్రే: పని త్వరగా అవుతుంది. కానీ తుంపర్లు బ్రేక్ డిస్క్ మీద, పెయింట్ మీద పడే ప్రమాదం ఉంది. చాలా డబ్బాల మీద 50 డిగ్రీలు దాటిన చోట ఉంచొద్దని రాసి ఉంటుంది. కంపెనీ పార్కింగ్‌లో షిఫ్ట్ అయ్యేదాకా ఎండలో నిలబడే కారులో దాన్ని వదిలేయొద్దు.

త్రీఎం, వాక్స్‌పోల్, మెగ్వయర్స్, టర్టిల్ వాక్స్ లాంటి పేర్లు ఇక్కడి వాళ్లకు తెలిసినవే. ఒకే కంపెనీ పేరుతో వేర్వేరు రకాలు ఉండొచ్చు. అందుకే బ్రాండ్ కంటే ముందు రకం చూడాలి.

లేబుల్ మీద ఏం వెతకాలి?

'పెట్రోలియం డిస్టిలేట్స్' అన్న మాట ఉన్నా, మంట గుర్తు ఉన్నా అది సాల్వెంట్ రకం అని అనుమానించాలి. స్ప్రే డబ్బాల్లో మాత్రం లోపలి గ్యాస్ వల్ల కూడా మంట గుర్తు ఉంటుంది. 'సిలికాన్' అన్న మాట చూసి మాత్రం భయపడనక్కర్లేదు. చాలా పాలిష్‌లలో ఉండే పీడీఎంఎస్ అనే సిలికాన్ ఆయిల్ రబ్బరును కరిగించదు. అసలు ఇబ్బంది దానితో కలిపే పెట్రోలియం ద్రావకంతోనే.

ఒక్క సందర్భంలో మాత్రం సిలికాన్‌కు దూరంగా ఉండాలి. కారు డెంటింగ్, పెయింటింగ్‌కు ఇచ్చే ముందు టైర్ పాలిష్ వేయించొద్దు. ఆ తుంపర్లు బాడీ మీద ఉండిపోతే కొత్త పెయింట్ అక్కడ పట్టక చిన్న చిన్న గుంటలు పడతాయి.

ఖర్చు లెక్క ఇదీ: టైర్‌కు 5 నుంచి 10 ఎంఎల్ పడుతుందనుకుంటే కారుకు 20 నుంచి 40 ఎంఎల్. అంటే 500 ఎంఎల్ సీసా 12 నుంచి 25 సార్లు వస్తుంది.

ఎలా రాయాలి?

టైర్ పూర్తిగా ఆరి, చల్లబడ్డాకే రాయాలి. స్పాంజ్ మీద కొద్దిగా తీసుకుని పలుచగా పూయాలి. 15 నుంచి 30 నిమిషాలు ఆగి, మిగిలింది పొడి గుడ్డతో తుడిచేయాలి. వెంటనే బండి తీస్తే చక్రం తిరిగే వేగానికి పాలిష్ చిమ్మి డోర్ల మీద నల్ల చుక్కలు పడతాయి.

రోడ్డును తాకే ట్రెడ్ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ రాయొద్దు. జారుతుంది. బైక్, స్కూటీ టైర్లకైతే పాలిష్ జోలికే పోవద్దు. మలుపులో బండి వంగినప్పుడు టైర్ అంచు కూడా రోడ్డును తాకుతుంది. అక్కడ జిడ్డు ఉంటే పడిపోవడమే.

ఇంటి చిట్కాలు పనిచేస్తాయా?

వాడేసిన ఇంజిన్ ఆయిల్ వద్దు, అది రబ్బరుకు శత్రువు. కొబ్బరి నూనె దుమ్మును లాగుతుంది, రబ్బరుకూ మేలు చేయదు. గ్లిజరిన్‌లో నీళ్లు కలిపి రాస్తే రబ్బరుకు హాని ఉండదు కానీ ఒక్క వానకే పోతుంది.

నీళ్లు ఎటు పోతున్నాయి?

పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసిన వ్యవహారం 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. కారు కడిగే నీళ్లు వాటితో పోలిస్తే చాలా తక్కువే. అయినా టైర్ రసాయనాలూ తేలికైనవేం కావు. 6పీపీడీ ఓజోన్‌తో కలిసి మారే పదార్థం వల్లే వాన నీటితో పాటు వాగుల్లో చేరి కోహో సాల్మన్ చేపలు చనిపోతున్నాయని అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పరిశోధకులు 2020లో తేల్చారు. చెరువు గట్టున, వాగు ఒడ్డున కారు కడగకపోవడమే మంచిది.

మెరుపు కంటే ముందు ఇది చూడండి

క్లీనర్‌తో కడిగాక, పాలిష్ రాయకముందు సైడ్‌వాల్ ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. టైర్ చెక్ చేసుకోవడానికి అదే సరైన టైమ్. వేళ్లతో తడిమి చూడాలి. ఉబ్బు తగిలితే లోపలి దారాలు తెగినట్టే. సైడ్‌వాల్‌కు పంక్చర్ లాగా ప్యాచ్ వేసి నమ్మడానికి లేదు, టైర్ మార్చాల్సిందే. లోతు పగుళ్లున్నా టైర్ షాపులో చూపించాలి. ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే కారు టైర్ పని అయిపోయినట్టే.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. అమ్మకానికి పెట్టిన కారు టైర్లు నిగనిగలాడుతుంటే ముందు తడి గుడ్డతో తుడిచి చూడండి. సైడ్‌వాల్ మీద నాలుగు అంకెల కోడ్ ఉంటుంది. ఉదాహరణకు 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనట్టు. పాలిష్ ఎంత కొట్టినా ఆ అంకెలు మారవు.

మొత్తంగా చూస్తే దుమ్ము, ఎండ, లారీల ట్రాఫిక్ ఉన్న ఈ బెల్ట్‌లో తిరిగే కారుకు మంచి క్లీనర్, ఒక నైలాన్ బ్రష్, జిడ్డు తక్కువగా ఉండే వాటర్ బేస్డ్ పాలిష్.. ఈ మూడూ ఉంటే చాలు.