మీ పొలం పేరేంటి?

ఇవాళ కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మీ పొలం ఎక్కడ అని అడిగితే ఇప్పటి పిల్లలు ఫోన్‌లో లొకేషన్ పంపుతున్నారు. మన ఈడు వాళ్ళం సర్వే నంబరు చెప్తాం. మన తాతలైతే ‘పుట్టచేను’, ‘దొరువు మడి’, ‘డొంక కింద చెక్క’ అనేవాళ్ళు. చోటు ఒక్కటే, చెప్పే మాట మూడు తరాల్లో మూడు రకాలుగా మారింది. ఈ మార్పు వెనక వెయ్యేళ్ళ పైబడ్డ కథ ఉంది.

తెలుగులో మనకు దొరికిన తొలి శాసనం కడప జిల్లా కలమళ్ళలోది, సుమారు క్రీ.శ. 575 నాటిది. ఏలే రాజు పేరుతో పాటు ‘రేనాడు’ అని సీమ పేరు కూడా అందులో ఉంది. అంటే మన భాష రాయి మీదికి ఎక్కేటప్పుడే ఒక చోటి పేరును వెంటబెట్టుకుని ఎక్కింది.

ఆ తర్వాత తూర్పు చాళుక్యుల రాగిరేకులు చూడండి. రాజు గొప్పలన్నీ సంస్కృతంలో ఉంటాయి. దానమిచ్చిన ఊరికో పొలానికో హద్దులు చెప్పే చోటికి వచ్చేసరికి తెలుగు మాటలు దిగిపోతాయి. తూర్పున ఫలానా చెరువు, దక్షిణాన పుట్ట, పడమర చింతచెట్టు, ఇలా సాగుతుంది. ఎందుకంటే రేపు తగాదా వస్తే సాక్ష్యం చెప్పాల్సింది ఊరి కాపులు. వాళ్ళకు తెలిసిన మాటే అక్కడ చెల్లుతుంది.

కొలత కూడా అంతే. ఆ శాసనాల్లో చాలాచోట్ల పొలాన్ని పొడవు వెడల్పులతో కాకుండా విత్తనంతో కొలిచారు. ఇన్ని ఖండికల ఆరిక విత్తనాలు పట్టే నేల అని రాశారు. మొన్న మొన్నటిదాకా మన పెద్దలూ అలాగే చెప్పారు. ఇరవై తూములు ఒక పుట్టి, పది తూములు పందుము, ఐదు తూములు ఏదుము. ‘పందుం చేను’ అంటే పది తూముల గింజలు పట్టే చేను అని. ఎంత నేల అన్నదానికి జవాబు, ఎంత విత్తనం కావాలన్నదానికి జవాబు, రెండూ ఒకే మాటలో ఉండేవి.

నీటి లెక్క మరొకటి. కాకతీయుల నాటి శాసనాల్లో ‘చెరువు వెనుక’ పొలం అని కనిపిస్తుంది. దాన్నే మనం ఇప్పుడు ‘చెరువు కింద’ అంటున్నాం. విజయనగరం కాలం నాటి శాసనాల్లో నీరు పారే సేద్యం నీరారంభం, వాన మీద సేద్యం కాడారంభం. తర్వాత కోస్తాలో మాగాణి, మెట్ట అన్నారు. నిజాం రాజ్యంలో పారశీ నుంచి వచ్చిన తరి, ఖుష్కి నిలబడ్డాయి. పేర్లు మారినా అడిగే ప్రశ్న ఒకటే: దీనికి నీళ్ళెక్కడివి?

ఊరి పేర్లూ ఇదే చెప్తాయి. ప్రోలు అంటే పట్టణం, భట్టిప్రోలు అలా వచ్చిందే. కల్లు అంటే రాయి, ఓరుగల్లు అంటే ఒంటిరాయి. కోనసీమలో లంక అంటే గోదావరి నడుమ తేలిన నేల. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉంది. అక్కణ్ణుంచి సముద్రం వందల కిలోమీటర్లు. ఆ సముద్రం చెరువే. కరువు సీమలో చెరువు నిండితే జనానికి అదే సముద్రం మరి.

ఈ పేర్ల కథలన్నీ పోగు చేసిన దొర కాలిన్ మెకంజీ. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి తెలుగువాళ్ళు ఆయన కోసం ఊరూరా తిరిగి, కరణాల దగ్గరున్న కవిలెలు చూసి కైఫీయతులు రాయించారు. చిత్రం ఏమిటంటే, 1815లో దేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయిందీ ఆయనే. పేర్లు పోగు చేసిన చేతికే కొలగొలుసు కూడా వచ్చింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1858 నుంచి పద్ధతి ప్రకారం పొలాల సర్వే సాగింది. గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, అందులో నూరో వంతు సెంటు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. ప్రతి చెక్కకూ నంబరు, నాలుగు మూలలా రాయి. మేలే జరిగింది, కాదనను. కరణం నోటి మాట మీద ఆధారపడ్డ రైతుకు కాగితం చేతికొచ్చింది. ఇప్పుడు ఆంధ్రలో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేతో సర్వే నంబర్ల చోట ఎల్‌పీఎం నంబర్లు వస్తున్నాయి. కేంద్రం భూ ఆధార్ అని ప్రతి చెక్కకూ 14 అక్షరాల సంఖ్య ఇస్తోంది.

కానీ ఒక్కటి గమనించండి. నంబరు ఎక్కడ అన్నది చెప్తుంది గానీ, ఏమిటి అన్నది చెప్పదు. ‘కుంట చేను’ అన్నారంటే అక్కడ ఒకప్పుడు కుంట ఉండేదని, నీరు అక్కడికే వస్తుందని అర్థం. ఆ పేరు మర్చిపోయి మెరకేసి ప్లాట్లు చేస్తే, పెద్ద వానకు నీళ్ళు గుర్తుచేస్తాయి. ‘చౌడు చెక్క’ అన్న పేరు తెలిస్తే కొనేవాడు ముందు మట్టి పరీక్ష చేయించుకుంటాడు. ‘డొంక చేను’ అన్న పేరు బతికుంటే, దారిని కలిపేసుకున్నవాడు అక్కడ దారే లేదని దబాయించలేడు.

చట్టం కూడా పేరును కొట్టిపారేయలేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ చూడండి. భూమిని వర్ణించేటప్పుడు దానికి పేరుంటే పేరు, ఉన్న ప్రాంతం, విస్తీర్ణం, ఆనుకుని ఉన్న దారులు, పక్క ఆస్తులు రాయాలంటుంది. వీలైనప్పుడు సర్వే వివరం కూడా రాయమంటుంది. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరకపోతే సాధారణంగా హద్దులకే బలమని కోర్టులు చెబుతూ వచ్చాయి. అందుకే ఈసారి దస్తావేజు రాయించేటప్పుడు నంబరుతో పాటు పొలం పేరు కూడా రాయించండి. హద్దుల్లో ‘ఫలానావారి పొలం’ అని ఊరుకోకుండా వాగు, డొంక, బావి ఏదుంటే అది పేరుతో సహా పెట్టించండి. మనుషులు అమ్ముకుని పోతారు, వాగు అంత తొందరగా పోదు.

ఇంట్లో డెబ్బై దాటిన పెద్దలుంటే ఒక పూట కూర్చోబెట్టి మీ ఊరి పొలాల పేర్లన్నీ నోటుబుక్కులో రాసుకోండి. పేరు, ఎందుకొచ్చింది, ఇప్పటి నంబరు, మూడు గళ్ళు చాలు. నంబరు పోతే ఆఫీసులో నకలు దొరుకుతుంది. పేరుకు నకలు ఆ పెద్దాయన దగ్గరే ఉంది.

మీ పొలం పేరేంటో, ఆ పేరెలా వచ్చిందో కింద రాయండి. చదవాలని ఉంది.