మిగిలిన సున్నం

ఉగాది ఊరోళ్ళది, ఈస్టరు మాది. రెండూ కాస్త అటూ ఇటూగా ఒకే నెలలో వస్తాయి. మిరప కోతలు అయిపోయి, కళ్ళాల్లో కాయ ఎండి, బస్తాలు గుంటూరు యార్డుకి లారీలెక్కే రోజులవి. ఆ రోజుల్లో మా ఊళ్ళో ప్రతి ఇల్లూ బూజు దులిపించుకుని, కడిగించుకుని, సున్నం వేయించుకునేది. దులిపేది, కడిగేది, వేసేది మాత్రం మా అమ్మలు.

మా ఊరు వినుకొండ వైపు. ఊరికి దిగువన, వాన కురిస్తే ఊరి మురికంతా పారివచ్చే వైపు మా మాదిగపల్లె. ఇదెవరో కావాలని చేశారా అని చిన్నప్పుడు నాయన్ని అడిగాను. "నీళ్ళు పల్లానికి పారతయ్యి, పల్లంలో మనల్ని పెట్టిందెవరో నీళ్ళకేం తెలుసు" అన్నాడు.

అమ్మ కామందు ఇంటికి ఉగాదికి ఐదు రోజుల ముందు నుంచే వెళ్ళేది. మొదటి రోజు గొడ్లసావిడి. ఏడాదిగా గట్టిపడ్డ పేడ గడపారతో పెళ్ళగించి పెంటదిబ్బకి మొయ్యాలి. రెండో రోజు వాకిలి, పెరడు. మూడో రోజు నుంచి సున్నం. ప్రహరీ, సావిడి గోడలు, వసారా స్తంభాలు, వసారా గోడలు. అక్కడితో ఆపాలి. గడప లోపల గోడలకి సున్నం వేసేవాళ్ళు వేరు. కళాయి గిన్నెలు, ఇత్తడి బిందెలు పెరట్లో పోసేవాళ్ళు. చింతపండు, బూడిద పెట్టి అద్దంలా తోమి అమ్మ వాటిని రాతిపలక మీద బోర్లించేది. తర్వాత ఆ ఇంటావిడ వచ్చి చెంబుతో నీళ్ళు చల్లి, అప్పుడు లోపలికి తీసుకుపోయేది. అమ్మ సున్నం వేసిన వసారాలో కూడా పసుపు నీళ్ళు చల్లేవాళ్ళు.

చదువుకుంటున్న మిత్రులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. కడిగినామెని మళ్ళీ కడుగుతున్నారు. మురికి ఎక్కడుందో చెప్పండి. గిన్నెలో లేదు, దాన్ని అమ్మే పోగొట్టింది. గోడ మీదా లేదు. మా మురికి గురించి పుస్తకాలు రాసినవాళ్ళున్నారు. మమ్మల్ని మురికివాళ్ళని చెప్పే పుస్తకాలు రాసుకున్న గదులు ఊడ్చిందెవరో మాత్రం ఎవరూ రాయలేదు.

ఆ ఇల్లు అయ్యాక మా ఇల్లు. మాకు పగలు దొరికేది కాదు. రాత్రి కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని చేసుకునేవాళ్ళం. మట్టిగోడలు, పైన బోదకప్పు, ఒకటే గది. ఖర్చు పెట్టడానికి ఏముంది గనక? అయినా మా అమ్మ ఆ లెక్క ఇప్పటికీ వేళ్ళ మీద చెబుతుంది. ముందు సామానంతా బయటపెట్టాలి. సామానంటే ఎంత, రెండు మంచాలు, ఒక రేకుపెట్టె, కుండలు, బొంతలు. కందికట్టెకి పాత చీపురు కట్టి చూరు దులిపితే మసి పెచ్చులు పెచ్చులుగా రాలేది. మంచాలకి నల్లులు. కుక్కిలో సలసల కాగే నీళ్ళు పోసి, వేపాకు పొగ పెట్టి రెండు రోజులు ఎండలో నిలబెట్టేవాళ్ళం. ఎలుకబొక్కల్లో గాజుపెంకులు కూరి, పాటిమన్నులో వరిపొట్టు కలిపి తొక్కి మెత్తేవాళ్ళం. పాటిమన్ను ఊరవతల పాటిదిబ్బ మీద ఊరికే దొరికేది. బొంతలకి చవుడు మట్టి. తలకి కుంకుళ్ళు, అవే చీరలకి కూడా.

డబ్బు పెట్టాల్సింది రెండింటికే. ఒకటి సున్నం, రెండోది నీలిమందు. ఇంకొకటుంది, చెబితే నవ్వుతారు. పేడ. ఇల్లు అలకాలంటే పేడ కావాలి, పేడ కావాలంటే గొడ్డు ఉండాలి, మాకు గొడ్డు లేదు. కామందు సావిడిలో అమ్మ ఏడాది పొడుగునా ఎత్తిన పేడ బండ్లకొద్దీ ఆయన చేలోకి పోయేది. అందులో ఒక గంప తెచ్చుకోవాలంటే అడగాలి. అడిగితే ఇచ్చేవాళ్ళే గానీ, ఇచ్చినందుకు ఇంకో పూట చాకిరీ ఉండేది. కాబట్టి పేడ ఊరికే వచ్చేదని ఎవరైనా అంటే నమ్మబాకండి. మా అక్కా నేనూ బండ్లబాట వెంబడి గంప పట్టుకు తిరిగి ఏరుకొచ్చేవాళ్ళం. గేదెల వెనకాల నడుస్తూ అది తోకెత్తితే చాలని దేవుణ్ణి అడిగిన రోజులున్నాయి.

సున్నం మాకు పిడుగురాళ్ళ బట్టీల నుంచి వచ్చేది. పల్నాడంతా సున్నపురాయి నేల. ఆ బట్టీల దగ్గర రాయి కొట్టేవాళ్ళలో, కాలిన సున్నం గంపలకెత్తేవాళ్ళలో మా చుట్టాలు చాలామంది ఉన్నారు. కాలిన రాయి గడ్డల్ని కుండలో వేసి నీళ్ళు పోస్తే మంట లేకుండానే కుతకుతా ఉడికేది. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు, కంట్లో పడితే కన్ను పోద్ది. రాత్రంతా ఉంచి, పాత పంచెలో వడకట్టి, గోడకి అంటుకోవడానికి గంజి, కాస్త ఉప్పు, తెల్లగా కనపడటానికి చిటికెడు నీలిమందు. కుంచె కొనేది లేదు, గోగునార కట్టే కుంచె. రెండు చేతులు వేస్తే గది పెద్దదైనట్టు ఉండేది. పురుగూ బూజూ కొన్నాళ్ళు దగ్గరికి వచ్చేవి కాదు. అమ్మ వేళ్ళ సందులు మాత్రం పగిలి నెత్తురొచ్చేవి. ఆముదం రాసుకుని గుడ్డ కట్టుకునేది. ఆ చేత్తోనే అన్నం కలిపి పెట్టేది.

1999లో ఉగాది మార్చి 18న వచ్చింది, ఈస్టరు ఏప్రిల్ 4న. నాకు పదేళ్ళు. ఆ ఏడు అమ్మ ఐదు రోజులు చేస్తే మూడు రోజుల కూలే ఇచ్చారు. మిగతా రెండు రోజులకి ఏందమ్మా అని అడిగితే, "కుండలో సున్నం మిగిలింది కదే, తీసుకుపో, మీ కొంపకి సరిపోద్ది" అన్నదట ఆ ఇంటావిడ. అమ్మ కుండ నెత్తిన పెట్టుకుని వచ్చింది. నాయన చూసి, పారబొయ్యమన్నాడు. పారబోస్తే రెండ్రోజుల కూలి పారబోసినట్టేగదా అన్నది అమ్మ. ఆ రాత్రి ఆ సున్నమే వేసుకున్నాం. గంజిలో కలపకపోయినా గట్టిగా పట్టింది. మంచి సున్నం అది.

మట్టల ఆదివారానికి ముందే ఊళ్ళో మాట పుట్టింది, మాదిగది సున్నం ఎత్తుకుపోయిందని. మా గోడలు వాళ్ళ గోడల్లాగే నీలంగా ఉండటమే సాక్ష్యం. అమ్మ పొద్దున్నే వాళ్ళ వాకిట్లోకి పోయి నిలబడింది. నేను వెనకాలే ఉన్నాను. అమ్మ అరవలేదు. "నా రెండ్రోజుల కూలి ఇయ్యండి. గోడ గీకి మీ సున్నం మీకు తెచ్చిస్తా" అన్నది. వసారాలో కూర్చున్న పెద్దమనుషులు తల తిప్పుకున్నారు. కూలి ఇవ్వలేదు. అమ్మ మళ్ళీ ఆ ఇంటి చీపురు పట్టుకోలేదు. మిరపకోత ముఠాలో చేరింది. మాకు ఆ గంపెడు పేడ కూడా పోయింది.

ఇది మా అమ్మతో మొదలైన కథ కాదు. మా నాయనమ్మ చెప్పేది, తన కాలంలో సున్నం కాదు, అసలు నీళ్ళే లేవని. ఊరి బావి మాకు లేదు. వాగులో చెలమ తవ్వుకుని, అది ఊరేదాకా చిప్ప పట్టుకు కూర్చోవాలి. తాగడానికే చాలని నీళ్ళతో ఇల్లేం కడుగుతారు, ఒళ్ళేం కడుగుతారు? బొంతలు ఏడాదికొకసారి గుండ్లకమ్మకి మోసుకుపోయి ఉతికేవాళ్ళు. అక్కడ కూడా పైవైపు వాళ్ళది, దిగువ మాది. వాళ్ళ గొడ్లు కడిగిన నీళ్ళు మా బొంతల మీదుగా పారేవి.

అదే గుండ్లకమ్మలో 1878 జులై 3న, ఒంగోలుకి ఎగువన, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఎక్కువమంది మాదిగలే. అంతకు ముందు రెండేళ్ళు పెద్ద కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళకి పని, కూలి చూపించాడు. కడుపు కోసం మతం మారారని ఇప్పటికీ ఎగతాళి చేసేవాళ్ళున్నారు. వాళ్ళకి తెలియంది ఏందంటే, దొర అప్పటికి పన్నెండేళ్ళుగా ఒంగోల్లో ఉన్నాడు, కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. మారినవాళ్ళకి పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. విగ్రహాల సంగతి ఎట్లా ఉన్నా, మొదటి రెండూ ఊళ్ళని వణికించాయి. ఆదివారం మాదిగ రాకపోతే వాకిలి ఎవరు ఊడుస్తారు? చచ్చిన గొడ్డుని ఎవరు ఈడుస్తారు? అందుకే కొట్టారు, నీళ్ళు బందు పెట్టారు. వారానికొక రోజు నా చీపురు నా ఇంట్లోనే ఉంటుందని మావాళ్ళు మొదటిసారి అన్నది అప్పుడే. దీన్ని నేను సమ్మె అంటాను, చరిత్ర పుస్తకాలు మతమార్పిడి అంటాయి.

దొరలు కూడా మా మురికి గురించి చాలానే రాశారు, అది దాచడం దేనికి? సబ్బు గురించి ప్రసంగాలు చేశారు. చెలమ పక్కన కూర్చున్న మనిషికి సబ్బు గురించి చెప్పడం తేలిక.

నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టులో కాలవలకి నీళ్ళు వదిలారు. కుడికాలవ నీళ్ళు మా వైపు వచ్చాక బొంతలు నెలకొకసారి ఉతికామని నాయనమ్మ గొప్పగా చెప్పేది. పొలం లేనివాళ్ళకి ఆ ప్రాజెక్టు ఇచ్చిన లాభం అదొక్కటే కావచ్చు. కాలవ నీళ్ళకి కాపలా పెట్టడం కష్టం, బావికైతే తేలిక.

నీళ్ళ దగ్గరే మా చరిత్ర మలుపులు తిరిగింది. 1927 మార్చి 20న మహద్ చెరువులో అంబేద్కర్ నీళ్ళు తాగితే, ఆ చెరువుని ఆవుపేడా ఆవుమూత్రం పోసి శుద్ధి చేశారు. మా అమ్మ వసారా మీద చల్లిన పసుపు నీళ్ళకి అది అన్న. 1985 జులైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు దగ్గర ఆ ఊరి కమ్మ యువకులు గేదెల కుడితి బకెట్లు కడిగి ఆ నీళ్ళు మురికి చేశారు. ఇదేందని అడిగినవాణ్ణి కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. తెల్లారి, జులై 17న, పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు, ఆడవాళ్ళని చెరిచారు. దళిత మహాసభ ఆ ఏడే పుట్టింది. శుభ్రంగా ఉండరు అని మమ్మల్ని అన్నవాళ్ళు, మా నీళ్ళు శుభ్రంగా ఉంచండి అన్నందుకు చంపారు. నేనప్పటికి పుట్టలేదు. మా అమ్మ వాకిట్లో నిలబడి కూలి అడిగినప్పుడు పెద్దమనుషులు తల తిప్పుకుని ఊరుకున్నారంటే, పద్నాలుగేళ్ళ వెనక ఆ బిందె లేచి ఉండటం వల్లనే అని నా నమ్మకం. లేకపోతే అమ్మ ఇంటికి నడిచి వచ్చేది కాదేమో.

బళ్ళో కూడా చీపురు మా వెంటే వచ్చింది. శనివారం సాయంత్రం పల్లె ఆడపిల్లలు గదులు ఊడ్చి, నాపరాళ్ళు కడగాలి. ఊరి ఆడపిల్లలు ముగ్గు వెయ్యాలి. ఇదెక్కడా రాసి లేదు, మాస్టారు నోటితో చెప్పనూ లేదు. "మీరిద్దరూ, మీరిద్దరూ" అని వేలు చూపిస్తే సరిపోయేది. ముగ్గు వెయ్యడం నాకు వచ్చని చెప్పాను ఒకసారి. విననట్టే ఊరుకున్నారు.

ఇప్పుడు నేను టీచర్ని. నా తరగతిలో ఊడ్చే వంతు హాజరుపట్టీ వరస ప్రకారం వస్తుంది, మగపిల్లలకి కూడా. మొదటి ఏడే ఒక తండ్రి వచ్చాడు, మా అమ్మాయి చేత చీపురు పట్టించారంట గదా మేడం అని. పట్టించానండీ, నిన్న పట్టుకున్న పిల్ల తండ్రి రాలేదే అన్నాను. ఆయన హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళాడు. హెడ్మాస్టరు నన్ను పిలిచి, ఎందుకమ్మా తలనొప్పి, పెద్దపిల్లలకి వదిలేయండి అన్నారు. వరస మార్చలేదు నేను. ఆ అమ్మాయి మాత్రం తన వంతు వచ్చిన రోజు బడికి రాదు. ఆ ఖాళీని ఏ పిల్ల నింపుతుందో నాకు తెలుసు. ఆ రోజు చీపురు నేను తీసుకుంటాను. ఇది సరైన పనో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. చూసే పిల్లలకి, మాదిగ టీచరు ఊడుస్తోంది, ఎప్పుడూ ఉన్నదే గదా అనిపిస్తుందేమో.

పాకీపని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. కోలారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఊరూరా తిరిగి పొడిదొడ్లు కూల్పించాడు. ఆయనకి 2016లో మెగసెసే అవార్డు ఇచ్చారు. అయినా మ్యాన్‌హోల్లో దిగి చచ్చిపోయినవాళ్ళ పేర్లు పేపర్లో పడుతూనే ఉన్నాయి.

పోయిన ఈస్టరుకి అమ్మ మా ఇంటికి వచ్చింది. టౌన్లో రెండు గదుల ఇల్లు, అద్దెది. ఓనరు రంగులు వేయించడు, మేమే వేసుకోవాలి. నాకు బడి, మా ఆయనకి డ్యూటీ. అందుకని పనికి ఒకామెని మాట్లాడాను. అమ్మ ఆమెని చూడగానే, "మీదే పల్లెమ్మా?" అని అడిగింది. ఆమె చెప్పింది. మావాళ్ళే. అమ్మ కొంగు బిగించి లేచింది. నువ్వు కూర్చో అమ్మా అంటే వినదు. ఇద్దరూ కలిసి మంచాలు జరిపారు, బూజు దులిపారు. డిస్టెంపరు కొనే డబ్బులు లేక సున్నమే తెచ్చాను. అమ్మ గంజి కాచి కలిపింది. మధ్యాహ్నం ముగ్గురం ఒకే పళ్ళెంలో పచ్చడి వేసుకుని తిన్నాం.

సాయంత్రం కుండలో సగం సున్నం మిగిలింది. ఆమె దానివైపు చూసి, "మేడం, ఇది మీరేం చేసుకుంటారు, మా ఇంటికి తీసుకుపోనా?" అంది. తీసుకోండి అనబోయాను. అమ్మ నన్ను పక్కకి లాగింది.

"ముందు కూలి ఇచ్చావా?"

"రేపు రెండో రోజుది కూడా కలిపి ఇద్దామని..."

"ఇప్పుడే ఇయ్యి. లెక్కబెట్టి చేతిలో పెట్టు. సున్నం మాట ఆ తర్వాత మాట్లాడు."

బీరువా తాళాలు వెతుక్కుంటూ లోపలికి వెళ్ళాను.